కౌంటు

మా జేజికి తెలిసిన ఇంగ్లీషు మాట అదొక్కటే.
వేలిముద్ర మనిషి.
చిలప చేతికిస్తే ఒక పోగు లాగి
రెండేళ్ళ మధ్య రుద్ది, చెవి దగ్గర పెట్టుకుని
"నూరో కౌంటు కాదబ్బయా, ఎనభై.
షావుకారు మోసం చేసినాడు" అనేది.
పోగు ఏం చెప్పేదో
ఆ చెవికే తెలియాల.

వెంకటగిరిలో అంకె పెరిగే కొద్దీ నూలు సన్నం.
నూలు సన్నబడే కొద్దీ చీర తేలిక,
చీర తేలికయ్యే కొద్దీ ధర బరువు,
నేసినోడి కళ్ళు మాత్రం...
సరే, అది వదిలెయ్.

నేను ఆ గుంటలోంచి లేచి వచ్చినా.
మగ్గం గుంటలో కాళ్ళు దించుకుని పదిహేడేళ్ళు
నా మోకాళ్ళ కింద ఎప్పుడూ సాయంత్రమే.
ఇప్పుడు రొయ్యల గుంట గట్టుమీద కాపలా,
మైపాడుకు ఇవతల, ఉప్పుగాలిలో.
ఆరెకరాల నీళ్ళకీ, ఎనిమిది ఏరియేటర్లకీ,
కరెంటు పోతే ఉరికి తిప్పాల్సిన జనరేటరుకీ
రాత్రంతా నేనే కన్ను.

మొదటి పట్టుబడికి నాకేం తెలుసు.
మస్తాను వల విసిరి, కాటాలో పోసి
తల దించుకుని "నూరు కౌంటన్నా" అన్నాడు.
నేను నవ్వినా.
నూరంటే మేలురకం కదా!
పెంచలరెడ్డి నా పక్క ఒక చూపు చూసినాడు, అంతే.
ఆ నెల జీతం అడగలా నేను.

ఇక్కడ కేజీకి ఎన్ని తూగితే అంత కౌంటంట.
అంకె పెరిగితే రొయ్య పిల్లది, బేరం పిల్లది.
అంకె దిగే కొద్దీ బయ్యరు ఫోన్లు ఎక్కువ.
ముప్పై అంటే గట్టుమీద బిరియాని.

ఒక గుంటలో ఎక్కినదే ఇంకో గుంటలో దిగుడు.
అలవాటు పడ్డా.
మనిషి దేనికైనా పడతాడు.

ఆ ఏడు వానలకి పాపకు జొరం.
నాలుగో రోజు కామాక్షి పొగతోటకు తీసుకుపోయింది,
నేను పోలా. పట్టుబడి.
తెల్లవారుజాము మూడు,
ఐసు లారీ వెనక్కి వస్తా కూస్తా ఉండాది,
మోకాటి లోతు నీళ్ళలో నేను,
చెవికీ భుజానికీ మధ్య ఫోను.
"కౌంటొచ్చిందయ్యా" అనింది.
"ఎంత?"
"ముప్పై."

నా నోరు నన్నడక్కుండా
"అబ్బ! మంచి కౌంటే" అనేసింది.

అవతల మాట లేదు.
ఎవరిదో టోకెను నంబరు పిలుస్తా ఉండారు.
తర్వాత, పోగు తెగినంత చిన్నగా,
"ముప్పై వేలంటయ్యా.
లక్షన్నర ఉండాలంట."

కాటా దగ్గర మస్తాను అరుస్తా ఉండాడు,
"ముప్పై! ముప్పై కౌంటు రెడ్డన్నా!"
గట్టుమీద ఈలలు.

చేతిలో వల ఏం చేసినానో గుర్తులేదు.
ఐసు లారీలో ఎక్కి కూచున్నా,
రొయ్యల మధ్య, ఐసు మధ్య.
ఆస్పత్రి గేటు దగ్గర వాచ్‌మను
బురదకాళ్ళు చూసి లోపలికి పోనీలా.
నేనూ వాచ్‌మన్నే అన్నా. పోనిచ్చినాడు.

పాప నిద్రలో ఉండాది. పైన సీసా.
ఒక్కో చుక్కా లెక్కపెడతా కామాక్షి,
నాతో మాట్లాడలా.
దిండు మీద రాలిన పాప వెంట్రుక ఒకటి దొరికింది.
రెండేళ్ళ మధ్య పెట్టి రుద్ది
చెవి దగ్గర పెట్టుకున్నా.
జేజీ, ఎంతో చెప్పు.

మర్నాడు ఇరవై రెండు.
ఆ మర్నాడు పంతొమ్మిది.
ఒక రోజు నర్సు రాలా,
వచ్చిందేమో, నేను నిద్రపోయినానేమో.
తర్వాత నలభై ఒకటి.

ఏడో పొద్దున కాగితం చేతికిచ్చి
"తొంభై" అనింది నర్సమ్మ.
కాగితం తిరగేసి మరగేసి చూసినా.
బయట ఎవరో టీ గ్లాసులు కడుగుతా ఉండారు.

"తొంభై అంటే, అమ్మా,
మీ దగ్గర
మంచిదేనా?"